ఎడమవైపు చలి

దుకాణం గోడ నిండా కుళాయిలే. పాము పడగలా వంగినవి, పొద్దుతిరుగుడు పువ్వంత వెడల్పైనవి, వాన జల్లులా విచ్చుకునే షవర్లు. వాటిలో ఒక్కదానికీ చుక్క నీరు లేదు. బస్సు మామయ్య ఒక పిడి పట్టుకుని ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, పైకెత్తాడు. అలవాటుకొద్దీ దాని కింద అరచెయ్యి పట్టాడు. చెయ్యి పొడిగా అలాగే ఉండిపోయింది.

"నీళ్లు రావండీ, ఇవి చూడటానికే," అంది దుకాణంలోని అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

"చూస్తే వేడి తెలుస్తుందా అమ్మా?"

ఆ అమ్మాయి నవ్వు అక్కడే ఆగిపోయింది. అతని ముఖంలో ఏం కనబడిందో ఏమో, బల్ల వెనకనుంచి బయటికొచ్చి, "ఎవరికండీ?" అని అడిగింది.

"మా అక్కకి. ఆవిడకి వేడి తెలీదు."

అంతకంటే పొట్టిగా చెప్పడం అతనికి రాలేదు. పొడుగ్గా చెప్పే ధైర్యం లేదు.

అతను బడి బస్సు నడుపుతాడు. బస్సెక్కే పిల్లలు మామయ్యా అన్నారు, వాళ్లను దింపుకోవడానికొచ్చే తల్లులూ అలాగే అన్నారు, చివరికి కూరగాయలమ్మే ముసలాయన కూడా అదే పిలుపుకు దిగాడు. మేనల్లుడూ మేనకోడలూ ఒక్కరు లేకపోయినా వీధి వీధికీ అతను మామయ్యే. అతన్ని వేరే పేరుతో పిలిచేది అక్క ఒక్కతే. జుట్టు నెరిసిన తమ్ముణ్ని ఆవిడ ఇప్పటికీ "చిన్నోడా" అంటుంది.

అక్కను వీధిలో మడతక్క అంటారు. సందు మొదట్లో ఆవిడకు ఇస్త్రీ కొట్టు ఉండేది. ఆవిడ మడత పెట్టిన చొక్కా విప్పడానికి మనుషులకు మనసొప్పేది కాదు. ఎడమచేతి వాటం. పెట్టె కాగిందో లేదో చూడటానికి ఎడమ చూపుడువేలు నాలికకు తాకించి, ఆ వేలు పెట్టె అడుగున అలా తగిలించి తీసేది. చుయ్‌మనేది. ఆ ఒక్క చప్పుడుతో ఇది నూలు బట్టకు, ఇది పట్టుకు, ఇంకో చిటికె ఆగితే ఇది ఎవరి చొక్కాకో కొరివి అని తేల్చేసేది. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ మాడ్చలేదు. తల్లి పోయాక ఆ వేలితోనే తమ్ముడి నుదురు చూసేది, జ్వరమో దొంగజ్వరమో చెప్పేది. దొంగజ్వరమైతే బడికి తోలేది.

ఆ వేలు ఇప్పుడు మూగబోయింది.

ఒక ఉదయం ఆవిడ మూతి కాస్త వంకరపోయింది, సాయంత్రానికల్లా సర్దుకుంది. పక్షవాతం గడపదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిందని ఇద్దరూ సంబరపడ్డారు. ఎడమచెయ్యి లేచేది, పట్టుకునేది, జడ కూడా అల్లేది. కానీ మెడ నుంచి మడమ దాకా ఎడమవైపంతా వేడీ చల్లదనమూ నొప్పీ తెలియకుండా పోయాయి. "తీగ తెగలేదు. కబురు మాత్రం అందడం లేదు," అన్నాడు డాక్టరు.

దాని అర్థం బస్సు మామయ్యకు ఒక మధ్యాహ్నం తెలిసింది. బస్సు పెట్టి ఇంటికొచ్చాడు. అక్క టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఎడమ ముంజేతి మీద చర్మం తడిసిన కాగితంలా వేలాడుతోంది.

"చక్కెర సరిపోయిందట్రా?" అంది ఆవిడ.

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అక్కా... చెయ్యి..."

ఆవిడ తల వంచి చూసుకుంది, ఎవరిదో చొక్కా చెయ్యి చూసినట్టు. "అయ్యో! ఇదెప్పుడయిందీ?" అంది. తర్వాత, తప్పు చేసిన పిల్లలా నవ్వింది. "పొద్దున స్నానంలోనేమోరా. కాస్త వేడిగా పోసుకుందామని తిప్పాను."

ఆ పుండు మానడానికి ఎండాకాలమంతా పట్టింది. ఒంట్లో చక్కెర జబ్బు ఒకటి ముందే ఉంది. చివరిసారి కట్టు విప్పుతూ డాక్టరు మెల్లగా అన్నాడు: "ఈసారి గట్టెక్కారు. మళ్లీ కాలితే మానుతుందని నేను చెప్పలేను. చెయ్యే తియ్యాల్సి రావచ్చు. స్నానం చేయించడానికి ఒక మనిషిని పెట్టుకోండి."

"మనిషా?" అంది మడతక్క ఇంటికొచ్చాక. "నా ఒంటిమీద పరాయి చెయ్యి పడిన రోజు నేను పోయినట్టే లెక్క. అప్పుడు స్నానం నువ్వే చేయించొచ్చులే, ఎలాగూ తప్పదు."

"అదేం మాటక్కా?"

"ఉన్న మాటేరా."

రెండు గదుల ఇల్లు అది. స్నానాల గది తలుపు ముందుగదిలోకే తెరుచుకుంటుంది. అందుకని ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పని కట్టుబాటు ఒకటుంది. తమ్ముడు చీకటితోనే స్నానం చేసేస్తాడు. బస్సు తీసి సందు మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి హారన్ కొడతాడు. ఆ హారన్ విన్నాకే అక్క గడియ పెట్టుకుని కుళాయి తిప్పుతుంది. ఏళ్ల తరబడి సాగిన మర్యాద అది. ఇప్పుడు ఆ మర్యాదే అతని మెడకు ఉరైంది. ఆవిడ నీళ్ల కింద నిలబడే వేళకు అతను ఏదో ఒక గేటు ముందు ఎవరి పిల్లలనో ఎక్కించుకుంటూ ఉంటాడు. పిల్లలు కేరింతలు కొడుతుంటే అతని చెవుల్లో మాత్రం నీళ్ల చప్పుడు.

ఆ నీళ్లు కూడా మాట వినేవి కావు. మేడమీద బాయిలర్ ఒక్కటే, అన్ని ఇళ్లకూ దాని నీళ్లే. కాస్త తగ్గించమని అడిగితే పైవాళ్లు "మాకే చాలడం లేదు" అన్నారు. స్నానాల గదిలో పాత పద్ధతిలో రెండు పిడులు, వేణ్ణీళ్లకొకటి, చన్నీళ్లకొకటి. రెండూ సమంగా కలుపుకుని నిలబడ్డామనుకునేలోపు పై అంతస్తులో ఎవరో చన్నీళ్ల కుళాయి తిప్పుతారు. ఇక్కడ చన్నీళ్లు సన్నబడతాయి, వేడి ఒక్కసారిగా మీదికి దూకుతుంది. ఒళ్లు తెలిసినవాళ్లు కెవ్వుమని పక్కకు తప్పుకుంటారు. మడతక్క తప్పుకోదు.

ఇదంతా ముక్కలు ముక్కలుగా విన్నాక దుకాణం అమ్మాయి ఒక నిగనిగలాడే కడ్డీ లాంటిదాన్ని బల్ల మీద పెట్టింది. "ఒకే పిడి ఉండేవి మీకు పనికిరావండీ. అవి వేణ్ణీళ్లనీ చన్నీళ్లనీ కలుపుతాయంతే, కాపలా కాయవు. దీని లోపల వేడిని కనిపెట్టే వాల్వు ఉంటుంది. పైవాళ్లు కుళాయి తిప్పినా ఇదే సర్దుకుంటుంది. చన్నీళ్లు పూర్తిగా ఆగిపోతే వేడినీ ఆపేస్తుంది. ఇదిగో, అంకెలు. ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర పిడి ఆగిపోతుంది. దాటాలంటే ఈ ఎర్ర మీట నొక్కి తిప్పాలి."

"నొక్కకపోతే దాటదుగా?"

"దాటదండీ."

ప్రాణం లేచొచ్చింది అతనికి. ముప్పై ఎనిమిది. ఆ అంకెను దారి పొడుగునా దేవుడి పేరులా నోట్లో తిప్పుకుంటూ ఇంటికి వెళ్లాడు.

బిగించడానికి వచ్చినవాణ్ని వీధిలో చుక్కల మేస్త్రి అంటారు. అతను ఏ కుళాయి బాగుచేసినా వెళ్లాక ఒక చుక్క కారుతూనే ఉంటుందని ఆ పేరు. గోడ కొడుతూ, "ఎందుకు మామయ్యా ఇంత హడావిడి? వేణ్ణీళ్లకు ఇళ్లు కాలతాయా?" అన్నాడు.

"ఇళ్లు కాలవు," అన్నాడు బస్సు మామయ్య. ఇంకేం అనలేదు. మేస్త్రి అటు తిరిగి మడతక్క చేతిమీద గులాబిరంగు మచ్చ చూసి, ఆ తర్వాత నోరు మూసుకుని పనిచేశాడు. ఆ రోజు చుక్క కూడా కారలేదు.

"కుళాయి పెట్టించావా, గడియారం పెట్టించావా?" అంది మడతక్క అంకెలు చూసి. "ముప్పై ఎనిమిదింటికి స్నానమా నాకు?"

"దాన్ని ముట్టుకోకక్కా. అలాగే ఉంచి తెరువు, అలాగే మూసెయ్. ఆ ఎర్రదాని జోలికి పోకు."

"సరేలే పంతులుగారూ."

కొన్నాళ్లు బస్సులో నీళ్ల చప్పుడు వినబడలేదు. పిల్లలు పాడితే అతనూ గొంతు కలిపాడు.

తర్వాత ఒక రోజు బడి సగంలోనే వదిలేశారు. అతను మధ్యాహ్నం కాకముందే ఇంటికొచ్చాడు. అక్క వంటగదిలో ఉంది, తల తడిగా ఉంది. చేతులు కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో అతను లేడు. ఆవిరి. తుడిచాడు. మళ్లీ కమ్ముకుంది. గది నిండా ఇస్త్రీ కొట్టులోలా చిక్కటి తెల్లటి పొగ. పిడి వైపు చూశాడు. ముప్పై ఎనిమిది ఎక్కడో వెనకబడిపోయింది.

బయటికొచ్చి మాట్లాడకుండా అక్క తడిజుట్టు పక్కకు తీశాడు. మెడ ఎడమ వంపులో అరచెయ్యంత ఎర్రదనం. పొక్కలేదు. పొక్కడానికి ఇంకెంతో దూరం లేదు.

"ఎర్రమీట నొక్కావా?"

"నొక్కాను."

"ఎందుకక్కా? ఎందుకు నొక్కావు? చెప్పానా లేదా?"

"అరవకురా. నీళ్లు చల్లగా ఉన్నాయి, అందుకు నొక్కాను. నీ గడియారం చెడిపోయింది."

అతని చెయ్యి పట్టుకుని స్నానాల గదిలోకి లాక్కెళ్లింది. కుళాయి తెరిచింది. ఎడమ చూపుడువేలు నాలికకు తాకించి, నీళ్ల కింద పెట్టింది. ఇన్నేళ్ల ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డట్టే, తల కొంచెం పక్కకు వాల్చి, నమ్మకంగా. "చూడు. మంచునీళ్లు. కావాలంటే పెట్టి చూడు."

అతను చెయ్యి పెట్టాడు. అబ్బా అంటూ వెనక్కి లాగేసుకున్నాడు. ఆవిడ వేలు ఇంకా ధారలోనే ఉంది, నిశ్చలంగా. అతనే ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

కుళాయి ఎవరో మూశారు, ఎవరో గుర్తులేదు. ఇద్దరూ తడి గచ్చు మీద నిలబడిపోయారు.

"కుడిచెయ్యి పెట్టి చూసుకోవచ్చుగా అక్కా," అన్నాడు చివరికి.

"గుర్తుండదురా. చెయ్యి తనంతట తనే వెళ్లిపోతుంది." తడి చెయ్యి చీరకు తుడుచుకుంది. తర్వాత అతని కళ్లలోకి చూడకుండా చెప్పింది. "ఇంకోటి కూడా ఉంది. నీకు చెప్పలేదు. వేడి తెలీకపోవడం కాదు చిన్నోడా, చలి. ఈ పక్కంతా చలి. మెడ దగ్గర్నుంచి కాలి దాకా, తడిగుడ్డ చుట్టి గాలిలో నిలబెట్టినట్టు. పగలూ రాత్రీ. రెండు దుప్పట్లు కప్పినా పోదు. ఎండలో కూర్చున్నా పోదు. నీళ్లు బాగా కాగితే ఎక్కడైనా ఒకచోట తగులుతుందేమో, లోపల మంచు కాస్త కరుగుతుందేమో అని ఆశ. తగలదు. అందుకని ఇంకాస్త తిప్పుతాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అతనికి రెండూ నీళ్లతోనే నిండి కనిపించాయి, ఒకదాంట్లో పొగ, ఒకదాంట్లో మంచు. డాక్టరును అడిగాడు. ఆ చలి ఒంట్లోది కాదనీ, తలలో దెబ్బతిన్నచోట పుడుతోందనీ, దాన్ని ఏ నీళ్లూ కడగలేవనీ చెప్పి, మందు రాశాడు. మందుకు నిద్ర వచ్చింది. చలి పోలేదు.

అతను మళ్లీ ఆ పొడి కుళాయిల ముందు నిలబడ్డాడు. ఈసారి దుకాణం అమ్మాయే ముందు పలికింది. "కాలిందా అండీ?"

"కాలబోయింది. ఆవిడ చేతిలో ఏ పిడీ లేనిది కావాలమ్మా."

ఆ అమ్మాయి లోపలినుంచి తెచ్చినదానికి మెరుపు లేదు, అందం లేదు. పిడికిలంత ఇత్తడి ముద్ద. "ఇది చంటిపిల్లల బడుల్లో, ఆసుపత్రుల్లో పెట్టుకుంటారు. గోడలో ఉంటుంది. ఇందులోనే వేణ్ణీళ్లూ చన్నీళ్లూ కలిసి, ఒకే పైపులో లోపలికి వెళ్తాయి. వేడి ఎంతో ఒకసారి ఈ తాళంచెవితో బిగిస్తే ఇక అంతే. లోపల ఉన్నవాళ్లకి తెరవడం, మూయడం, అంతకుమించి ఏమీ ఉండదు." ఆగి, మెల్లగా అడిగింది. "ఆవిడకి ఇష్టమేనా మరి?"

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లని చూసి లోకం నవ్వుతుంది. కాలకముందే పట్టుకుంటే, చెయ్యే ఎదురు తిరుగుతుంది. ఆ ఇత్తడి ముద్ద అతని అరచేతిలో బరువుగా, చల్లగా ఉంది. చిన్నప్పుడు తన నుదుటి మీద వాలిన వేలు గుర్తుకొచ్చింది. ఆ వేలి మాట ఇక చెల్లదని తాళం వేయబోతున్నది తనే. అక్కకు చెప్పకుండా బిగిద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాడు. ఆ అంకెల పిడి ఉన్నచోటే ఉంచి, ఎటు తిప్పినా ఒకేలాంటి నీళ్లు వచ్చేట్టు చేస్తే? అక్క తిప్పుతూనే ఉంటుంది, వేడి మాత్రం పెరగదు. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది. ఇది ఇమ్మన్నాడు.

ఇంట్లో బల్ల మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

మడతక్క చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే నాకు ఎంత వేడి కావాలో నువ్వు చెబుతావు."

"డాక్టరు చెప్పిందే అక్కా."

"తాళంచెవి?"

"నా దగ్గరుంటుంది."

"నీ దగ్గర." ఆవిడ నవ్వింది, ఆ నవ్వు మూతిలో ఒక పక్కకే వచ్చింది. "వంటగదిలో పొయ్యి ఉంది కదరా. గిన్నెడు నీళ్లు కాచుకోలేనా? దాన్ని కూడా గోడలో పెట్టి తాళం వేస్తావా? బస్సుకి వెళ్తూ అగ్గిపెట్టె జేబులో వేసుకెళ్తావా? నన్ను కూడా మడిచి ఏ బీరువాలోనో పెట్టి పో, పీడా పోతుంది."

"అక్కా, నీకు దండం పెడతాను."

"దండాలు నాకెందుకురా? వేణ్ణీళ్లు ఇవ్వు."

అతను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. పట్టిన పట్టుకు వేలి గోళ్లు తెల్లబడ్డాయి. ఆవిడ ఆ గోళ్ల వంక చూసింది. తర్వాత లేచి, ఇత్తడి ముద్దను అతని వైపు నెట్టి, "పెట్టించుకో," అని లోపలి గదిలోకి వెళ్లి అటు తిరిగి పడుకుంది.

చుక్కల మేస్త్రి ముందుగదివైపు గోడకు చిన్న తలుపు పెట్టి దాని వెనక వాల్వు బిగించాడు. బస్సు మామయ్య తన చేతితో ఒకటికి నాలుగుసార్లు నీళ్లు చూసుకుని తాళం బిగించాడు. ఆ సాయంత్రం అక్క స్నానం చేయలేదు. మర్నాడూ లేదు. హారన్ కొట్టి వెళ్లాడు, వచ్చి చూస్తే గచ్చు పొడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే. పొయ్యి మీద గిన్నె ఉందేమోనని దొంగలా వంటగదిలోకి తొంగిచూశాడు. లేదు. అక్క దుప్పట్లో ముడుచుకుని ఉంది, ఎడమ భుజం కింద పెట్టుకుని, దాన్ని తన బరువుతో వెచ్చబెట్టుకుంటున్నట్టు.

బడికి సెలవొచ్చిన రోజున అతను కుర్చీ తెచ్చి గోడలోని చిన్న తలుపు పక్కన, వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను ఎక్కడికీ పోను. తల కూడా తిప్పను. లే అక్కా, ఒళ్లు కడుక్కో. ఇలా ఎన్నాళ్లు?"

"ఇంట్లో నువ్వుండగానా?"

"నేనుండగానే."

అతను వీధిని చూస్తూ కూర్చున్నాడు. ఎవరో సైకిల్ తుడుచుకుంటున్నారు. ఎదురింటి బాల్కనీలో దుప్పటి ఒకటి గాలికి నిండి, ఖాళీ అయి, మళ్లీ నిండుతోంది. వెనక అడుగుల చప్పుడు వినబడింది, ఒక కాలు గట్టిగా, ఒక కాలు అనుమానంగా. తలుపు మూసుకుంది. గడియ పడింది. నీళ్లు పడ్డాయి.

"చిన్నోడా!" లోపలినుంచి పిలుపు. "చల్లగా ఉన్నాయిరా."

అతను గోడతలుపు తీసి పైపు పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది, ఎంత ఉండాలో అంతే. "సరిగ్గానే ఉన్నాయక్కా."

"చలేస్తోందిరా. కాస్త పెంచు. కొంచెం."

తాళంచెవి జేబులోంచి తీశాడు. దాన్ని వాల్వు తలమీద ఆనించాడు. వెంట్రుకవాసి తిప్పితే ఏమవుతుంది? ఏమీ కాదేమో. రేపు ఇంకో వెంట్రుకవాసి అడుగుతుంది. ఎల్లుండి ఇంకోటి. ఆ చలికి అడుగు లేదని అతనికి తెలుసు. తాళంచెవి తీసి, దాని వెనకభాగంతో పైపు మీద ఒక దెబ్బ కొట్టాడు. ణంగుమంది.

"పెంచానక్కా."

నీళ్లు పడుతున్నాయి.

"ఇంకాస్త."

ఇంకోసారి కొట్టాడు.

"ఇంకాస్తరా."

మూడో దెబ్బకు చెయ్యి సగంలో ఆగిపోయింది. కొట్టలేకపోయాడు. నుదురు గోడకు ఆనించి నిలబడ్డాడు. గోడ అవతల నీళ్ల చప్పుడు ఒక్కటే.

"ఒరేయ్," అంది అక్క. ఈసారి గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పైపుని కొడితే నీళ్లు కాగుతాయట్రా?"

అతను గోడతలుపు మూసేశాడు.

"అబద్ధాలు ఆడలేనివాడివి ఎందుకురా మొదలుపెట్టడం?"

"పెంచలేనక్కా," అన్నాడు గోడతో. "చంపినా పెంచలేను. రేపు నేను బస్సులో ఉంటాను. పొయ్యి ఇక్కడే ఉంటుంది. దానికి నేను తాళం వెయ్యలేను. నువ్వే... నీకే వదిలేస్తున్నా."

నీళ్లు పడుతూనే ఉన్నాయి, కానీ వాటి కింద మనిషి కదలిక లేదు. అతను గోడ తట్టాడు.

"అక్కా! అక్కా, ఉన్నావా?"

"ఉన్నాన్లే. అరవకు, పైవాళ్లు వింటారు." ఒక దగ్గు, గచ్చు మీద పాదాలు జరిగిన చప్పుడు. "కుడిపక్కకు తిరిగాను. ఇటువైపు బానే ఉన్నాయి."

"మరి... అటువైపు?"

"అటువైపు సంగతి అడగకు."

అతను కుర్చీలోకి జారి, గోడకు వీపు ఆనించాడు. తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంటోంది. లోపల నీళ్లు ఆగేదాకా అతను వీధివైపే చూస్తూ కూర్చున్నాడు. కళ్ల ముందు వీధి మాత్రం అద్దం మీద ఆవిరి పట్టినట్టు చెదిరిపోయి ఉంది.